పిల్లలతో మొదటి స్కీ ట్రిప్: క్లాసులు, బూట్ల విషయంలో సలహా కావాలి

స్కూలు సెలవుల్లో ఆరు రోజులు స్కీయింగ్‌కి వెళ్తున్నాం. పిల్లలకి 6, 9 ఏళ్లు. నలుగురికీ ఇదే మొదటిసారి. సెలవుల రద్దీలో పిల్లల క్లాసులు త్వరగా నిండిపోతాయి కాబట్టి గదికన్నా ముందు అవే బుక్ చేయాలనుకుంటున్నాం. చిన్నదానికి ఒక పూట క్లాసు చాలా, రోజంతా పెట్టొచ్చా? కాళ్లు అలిసిపోయాకే కదా పడేది.

మొదటి రెండు రోజులు ఎలాగూ మ్యాజిక్ కార్పెట్ (కొత్తవాళ్లు నిలబడితే చిన్న వాలు పైకి తీసుకెళ్లే కదిలే పట్టీ) దగ్గరే. కొండంతటికీ లిఫ్ట్ పాసు మూడో రోజు నుంచి తీసుకుంటే సరిపోతుందా?

అసలు బెంగ బూట్లది. వచ్చే ఏడాదికీ పనికొస్తాయని పెద్ద సైజు తీసుకుంటే లోపల మడమ లేస్తుంది, స్కీ మాట వినదు. లోపలి మెత్తటి లైనర్ తీసేసి, వేళ్లు ముందుకు ఆనించి నిలబడితే మడమ వెనక 1 నుంచి 2 సెం.మీ. ఖాళీ ఉండాలంటారు. ఎదిగే పిల్లలకీ అదే కొలతా? సాక్సు ఒక్క జతే, సన్నది వేస్తాం; రెండు వేస్తే ముడతలుపడి చర్మం ఒరుసుకుపోతుంది, పైగా బిగుతుకి రక్తం ఆడక పాదం చల్లబడుతుంది.

బైండింగ్ (బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు) సరిచేసేవాళ్లకి బరువు, ఎత్తు, వయసు, మొదటిసారి అన్న సంగతి చెబుతాం. బూటు అడుగు పొడవు వాళ్లే చూసుకుంటారా, మేం దగ్గరుండి సరిచూడాలా?