సంఘంలో ఓటరు నమోదుకు సాయపడటం: ఎంతవరకు వెళ్లవచ్చు, ఎక్కడ ఆగాలి?

ప్రశ్న

అందరికీ వందనాలు. అమెరికాలోని ఒక తెలుగు క్రైస్తవ సంఘానికి నేను కార్యదర్శిగా సేవ చేస్తున్నాను. మా సంఘంలో కొత్తగా పౌరసత్వం పొందిన కుటుంబాలు, గ్రీన్ కార్డు మీద ఉన్నవారు, హెచ్-1బి మీద ఉద్యోగం చేస్తున్నవారు, మనవలను చూసుకోవడానికి ఇండియా నుంచి వచ్చిన పెద్దలు అందరూ కలిసే ఆరాధిస్తారు. పౌరసత్వ ప్రమాణం చేసి ఏళ్లు గడిచినా ఓటరుగా నమోదు కానివారు మాలో ఎందరో ఉన్నారని మాటల మధ్య తెలిసింది. ఆరాధన తర్వాత ఒక బల్ల వేసి వారికి సాయపడదామని పాస్టర్ గారు ప్రతిపాదించారు గానీ, సంఘ పెద్దల్లో ఇద్దరు అందుకు ఒప్పుకోలేదు. మందిరంలోకి రాజకీయాలు వస్తే సంఘం చీలిపోతుందని ఒకరి భయం, సంఘానికి ఉన్న పన్ను మినహాయింపు పోతుందని మరొకరి భయం. రెండూ కొట్టిపారేయదగినవి కావు. ఇలాంటి పని చేసిన సంఘాలవారు చట్టం ఏమంటుందో, ఆచరణలో ఏయే జాగ్రత్తలు తీసుకోవాలో వివరంగా చెప్పగలరా?

సమాధానం 1 (సంఘ కోశాధికారి)

కార్యదర్శి గారికి వందనాలు. పన్ను విషయం వరకు నేను చెప్పగలను. ఫెడరల్ పన్ను చట్టంలోని 501(సి)(3) సెక్షన్ కింద మినహాయింపు ఉన్న చర్చిల వంటి సంస్థలు ఏ అభ్యర్థికీ అనుకూలంగా గానీ వ్యతిరేకంగా గానీ ఎన్నికల ప్రచారం చేయకూడదన్న నియమం 1954లో చట్టంలోకి వచ్చింది. అప్పుడు సెనేటర్‌గా ఉన్న లిండన్ జాన్సన్ ప్రతిపాదించినందున దానిని జాన్సన్ సవరణ అంటారు. అది అడ్డుకునేది అభ్యర్థుల తరఫు ప్రచారాన్నే గాని, పార్టీలకు అతీతంగా జరిగే ఓటరు నమోదును కాదు.

మీ పెద్దలకు చూపించడానికి ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) ఈ నియమాన్ని వివరిస్తూ 2007లో ఇచ్చిన 2007-41 రూలింగు బాగా పనికివస్తుంది. అందులో 21 ఉదాహరణలు ఉన్నాయి. మొదటి ఉదాహరణలో ఒక సంస్థ తిరునాళ్ల వంటి పెద్ద ప్రదర్శనలో నమోదు బల్ల వేస్తుంది. బ్యానర్ మీద సంస్థ పేరు, రాబోయే ఎన్నిక తేదీ, ఇక్కడ నమోదు కావచ్చన్న మాట తప్ప మరేమీ ఉండవు, బల్ల దగ్గరివారు ఏ అభ్యర్థి పేరూ ఏ పార్టీ పేరూ ఎత్తరు. అది నియమానికి లోబడినదే. రెండో ఉదాహరణలో మరో సంస్థ ఓటర్లకు ఫోన్ చేసి, ఒక సమస్య మీద వారి అభిప్రాయం అడిగి, తాము మెచ్చిన అభ్యర్థి వైఖరితో ఏకీభవించేవారికి మాత్రమే ఎన్నిక తేదీ గుర్తుచేసి, పోలింగు కేంద్రానికి వాహనం ఏర్పాటు చేస్తామంటుంది. అది నిషిద్ధం. పార్టీ పేరు ఎక్కడా పలకకపోయినా, సాయం ఎవరికి అందుతుందన్న దాంట్లోనే పక్షపాతం ఉండవచ్చునని ఈ రెండో ఉదాహరణ చెబుతుంది. కాబట్టి మీరు వాహనం ఏర్పాటు చేస్తే అడిగిన ప్రతివారికీ చేయాలి.

ఆరాధనలో సంఘస్థులతో మాట్లాడే మాటలకు ఈ నియమం వర్తించదని 2025 జూలైలో ఐఆర్ఎస్ ఒక కోర్టు కేసులో చెప్పిన మాట వాస్తవమే. ఆ మాట ఆసరాగా ప్రసంగవేదిక మీద అభ్యర్థుల పేర్లు ఎత్తడం మొదలైతే మీ మొదటి పెద్దాయన భయం నిజమవుతుంది. చట్టం అడ్డుపడినా పడకపోయినా సంఘ ఐక్యత కోసం ఆ పని మానుకోవాలన్నదే నా గట్టి అభిప్రాయం.

సమాధానం 2 (నమోదు బల్ల దగ్గర సేవ చేసేవారు)

పై సోదరుడు చెప్పినదంతా సరైనదే గాని, మన తెలుగు సంఘాల్లో అంతకంటే పెద్ద ప్రమాదం వేరొకటి ఉంది. ఫెడరల్ నమోదు ఫారం మీద మొట్టమొదటి ప్రశ్న మీరు అమెరికా పౌరులా అన్నది. గ్రీన్ కార్డు ఉన్న ఒక సహోదరి, పాస్టర్ గారు చెప్పారు కదా అని ఆ గడిలో అవును అని టిక్కు పెట్టి సంతకం చేస్తే, ఆమె పౌరసత్వ దరఖాస్తు చిక్కుల్లో పడటమే కాకుండా దేశం నుంచి పంపివేసే పరిస్థితి కూడా రావచ్చు. పౌరులు కానివారు ఫెడరల్ ఎన్నికల్లో ఓటు వేయడం నేరం. మంచి మనసుతో ఇచ్చిన ఫారమే ఒక కుటుంబాన్ని కష్టాల్లోకి నెట్టగలదు కనుక, బల్ల మీద పెద్ద అక్షరాలతో, తెలుగులోనే, పౌరులు మాత్రమే నమోదు కావాలని రాసి పెట్టండి. సందేహం ఉన్నవారిని ఇమిగ్రేషన్ లాయరును సంప్రదించమని చెప్పండి, మీరు సలహా ఇవ్వవద్దు.

ఆరాధన మధ్యలో నమోదు కానివారు చేతులెత్తండి అని మాత్రం అడగవద్దని మరీ మరీ కోరుతున్నాను. ఎవరి వీసా పరిస్థితి ఏమిటో పదిమంది ముందు బయటపెట్టే హక్కు మనకు లేదు. ప్రకటనల సమయంలో బల్ల ఎక్కడ ఉందో చెప్పి ఊరుకోండి, రాదలచినవారు వస్తారు.

ఫారం నింపేటప్పుడు ఎక్కువ తడబాటు పేరు దగ్గరే వస్తుంది. డ్రైవింగ్ లైసెన్సులో ఇంటిపేరు చివర ఉండి, పౌరసత్వ పత్రంలో ముందు ఉండి, మధ్య పేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరంగా ఉండటం మనవాళ్లలో మామూలే. ఫారంలో రాసిన లైసెన్సు నంబరును గానీ, సోషల్ సెక్యూరిటీ నంబరులోని చివరి నాలుగు అంకెలను గానీ అధికారులు రికార్డులతో సరిచూస్తారు కాబట్టి, లైసెన్సు చేతిలో పట్టుకుని అందులో ఉన్నది ఉన్నట్టుగా రాయమనండి. ఇల్లు మారినవారు చిరునామా కూడా మార్చుకోవాలి. పార్టీని ఎంచుకునే గడి కొన్ని రాష్ట్రాల ఫారాల్లో ఉంటుంది. అందులో ఏమి రాయాలని అడిగితే, అది మీ ఇష్టం అన్న ఒక్క మాటతో సరిపెట్టండి.

నింపిన ఫారాలు మీరే సేకరించే పక్షంలో ముందుగా మీ రాష్ట్ర నియమాలు చూసుకోవాలి. టెక్సస్‌లో కౌంటీ నియమించిన వాలంటీరు డిప్యూటీ రిజిస్ట్రార్లు మాత్రమే ఇతరుల దరఖాస్తులు తీసుకోగలరు. ఆ తలనొప్పి వద్దనుకుంటే, ఓట్.గవ్ (vote.gov) అనే ప్రభుత్వ వెబ్‌సైటు తెరిచి చూపించి, ఎవరిది వారే పూర్తి చేసుకునేలా పక్కన ఉండండి.

సమాధానం 3 (స్త్రీల సమాజంలో సేవ చేసేవారు)

మందిరంలోకి రాజకీయాలు వస్తాయన్న పెద్దాయనకు నాది ఒక మనవి. మిసిసిపీలోని రూల్‌విల్‌లో 1962 ఆగస్టులో ఒక చర్చిలో జరిగిన కూటంలోనే, నల్లజాతివారు ఓటరుగా నమోదు కావచ్చునని, తర్వాత పౌరహక్కుల ఉద్యమ నాయకురాలైన ఫానీ లూ హేమర్ మొదటిసారి విన్నారు. అప్పటికి ఆమెకు 44 ఏళ్లు. ఆ నెల 31న ఇండియనోలాకు వెళ్లి నమోదుకు ప్రయత్నించి తిరిగి వచ్చేసరికి, ఏళ్ల తరబడి పనిచేసిన పొలం నుంచి యజమాని ఆమెను వెళ్లగొట్టాడు. ఆ రోజు ఆమెకు చర్చిలో అందినది తన హక్కు గురించిన సమాచారమే. మనం చేయబోయేది కూడా అంతే, అదీ ఏ భయమూ లేని చోట చేస్తున్నాము.

మరో రెండు మాటలు. ఇంగ్లీషు చదవలేని మన అమ్మమ్మలు, తాతయ్యలు పౌరులై ఉండి కూడా, అక్కడికి వెళ్లి ఏం చేయాలో తెలియదని ఇంట్లోనే ఉండిపోతున్నారు. ఓటు హక్కుల చట్టంలో 1982లో చేర్చిన 208వ సెక్షన్ ప్రకారం, చూపు లేనివారు, వైకల్యం ఉన్నవారు, చదవడం రాయడం రానివారు తమకు నచ్చిన మనిషిని సాయంగా తీసుకువెళ్లవచ్చు; యజమాని, యజమాని ఏజెంటు, యూనియన్ ప్రతినిధి మాత్రం కాకూడదు. కూతురో మనవడో పక్కన ఉంటే చాలు. అలాగే నమోదైనవారికి బహుమతులు, గిఫ్ట్ కార్డులు ఇవ్వాలని యువకులు ఉత్సాహపడితే ఆపండి. ఫెడరల్ ఎన్నికలకు సంబంధించి నమోదుకైనా ఓటుకైనా ప్రతిఫలం ఇవ్వడం నేరం. అదే ఉత్సాహాన్ని పోలింగు కేంద్రాల్లో పనిచేసే వైపు మళ్లించండి, రెండు భాషలు వచ్చిన పిల్లలకు అక్కడ మంచి అవకాశాలు ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. చేతులెత్తమనడం గురించి సహోదరుడు రాసినది మా పాస్టర్ గారికి చదివి వినిపించాను. ఆయన సరిగ్గా అదే చేయాలనుకున్నారట, ఇప్పుడు మానుకున్నారు. పెద్దల కమిటీ ముందు 2007 రూలింగులోని ఆ రెండు ఉదాహరణలను తెలుగులో రాసి పెట్టబోతున్నాను. కమిటీ ఒప్పుకుంటే, మా రాష్ట్రంలో నమోదు గడువుకు నెల ముందే బల్ల వేస్తాము. ఫారాలు మేము సేకరించము, ఎవరివి వారే ఆన్‌లైన్‌లో పూర్తి చేసుకుంటారు.