ఉద్యోగం వదలకుండా ఎన్నికల్లో నిలబడనివ్వాలా?

లెక్కల సార్, హన్మకొండ:
పదిహేనేళ్లుగా ప్రభుత్వ హైస్కూల్లో పాఠాలు చెబుతున్నా. 2025 ఫిబ్రవరిలో వరంగల్-ఖమ్మం-నల్గొండ టీచర్ ఎమ్మెల్సీ ఎన్నిక వచ్చినప్పుడు నిలబడదామనుకున్నా. ముందు రాజీనామా చేయాలన్నారు. ఇంటి లోన్ ఇంకా తొమ్మిదేళ్లుంది, ఓడితే మళ్లీ ఉద్యోగంలోకి ఎవరూ తీసుకోరు. ఆగిపోయా. ఆ సీటుకు ఓటు వేసేది టీచర్లే. పోటీ చేసేవాళ్లు మాత్రం టీచర్లే కానక్కర్లేదు. జీతం లేని సెలవు పెట్టి పోటీ చేయనిస్తే ఎవరికేం నష్టం?

కేయూ క్రాస్‌రోడ్:
రాజ్యాంగం 191వ అధికరణం చూడండి సార్. ప్రభుత్వం కింద లాభదాయక పదవిలో ఉన్నవాళ్లు ఎమ్మెల్యేగా గానీ ఎమ్మెల్సీగా గానీ ఎన్నిక కావడానికి అనర్హులు. సెలవులో ఉన్నా పదవి పదవే.

లెక్కల సార్:
చట్టంలో ఏముందో నాకు తెలుసు. అలా ఉండటం న్యాయమేనా అని అడుగుతున్నా.

కేయూ క్రాస్‌రోడ్:
సెలవు వేరు, రాజీనామా వేరు. సెలవులో ఉన్నవాళ్లకు సర్వీసు నడుస్తూనే ఉంటుంది. మీరు ఈ తేడా దాటేసి మాట్లాడుతున్నారు.

నర్సంపేట మిర్చి:
రాజీనామా చేసినా ఆమోదం రావాలి కదా, అసలు తిరకాసు అక్కడే. 2021 నవంబరులో సిద్దిపేట కలెక్టర్ స్వచ్ఛంద పదవీ విరమణకు దరఖాస్తు పెట్టిన రోజే ఆమోదం వచ్చింది, ఆ వెంటనే ఎమ్మెల్సీ అయ్యారు. జూనియర్ అసిస్టెంట్ పెట్టిన కాగితం అంత తొందరగా కదులుతుందా?

పరకాల తల్లి:
మా ఊళ్లో జరిగింది చెప్తా. 2019 జనవరి పంచాయతీ ఎన్నికల్లో మా బడి సార్ భార్య సర్పంచ్‌గా నిలబడింది. బడికి ఇద్దరే టీచర్లు. ఆ సార్ ఇల్లిల్లూ తిరిగాడు. మా చిన్నోడి నోట్‌బుక్కులో సంక్రాంతి సెలవుల ముందు ఒక తేదీ ఉంది, దాని కింద మళ్లీ ఫిబ్రవరి తేదీ. మధ్యలో ఒక్క లెక్క లేదు. రిజిస్టర్లో సంతకాలు మాత్రం రోజూ ఉన్నాయి.

లెక్కల సార్:
అమ్మా, అక్కడ పోటీ చేసింది ఆయన కాదు, ఆయన భార్య. సెలవు పెట్టకుండా తిరిగాడు, అది తప్పే. నేను అడిగేది దొంగ హాజరు కాదు, జీతం వదులుకునే సెలవు! ఒక్కడు చేసినదానికి మా అందరినీ ఎందుకంటారు? రియల్ ఎస్టేట్ వాళ్లు రావచ్చు, కాంట్రాక్టర్లు రావచ్చు. ఎమ్మెల్యే అభ్యర్థి ఖర్చుకు 40 లక్షల పరిమితి అయినా ఉంది, ఎమ్మెల్సీకి అదీ లేదు. నెల జీతం మీద బతికేవాళ్లు మాత్రం ఉన్న ఒక్క ఆధారం తెంపుకుని రావాలా?

కాజీపేట జంక్షన్:
మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్ మస్టర్ (కూలీల హాజరు పట్టీ) చేతిలో పట్టుకుని మరీ తన తమ్ముడికి ప్రచారం చేశాడు.

పరకాల తల్లి:
జీతం గురించి కాదు సార్ నా బాధ. ఆ నెలలోనే పెద్దోడి స్కాలర్‌షిప్‌కు బోనఫైడ్ కావాలని వెళ్లా. కాగితం చేతిలోకి తీసుకుని, “మీ ఇంట్లో ఎన్ని ఓట్లు?” అని అడిగాడు. నాలుగని చెప్పాక సంతకం పెట్టాడు. మీరు జీతం వదులుకుంటారు, సరే. ఆ సంతకం వదులుకుంటారా?

లెక్కల సార్:
సెలవులో ఉన్నన్నాళ్లూ సంతకం పెట్టే అధికారం ఉండదు కదా!

పరకాల తల్లి:
ఓడితే తిరిగి అదే కుర్చీలోకి వస్తారు కదా. ఆమె ఓడింది. మా వాడ ఓట్లు పడలేదని వాళ్లకు తెలిసిపోయింది. ఫిబ్రవరిలో మా వాడ పిల్లలందరినీ వెనక వరుసకు మార్చాడు. పిల్లాడు ఇంటికొచ్చి, “నేనేం తప్పు చేశానమ్మా?” అని అడిగాడు.

లెక్కల సార్:
నా క్లాసులో అలా ఎప్పటికీ జరగదు. నన్ను అతనితో కలపకండి.

పరకాల తల్లి:
మిమ్మల్ని అనడం లేదు సార్. ఆయన కూడా అంతకుముందు మంచి సారే. మా పెద్దోడికి ఎక్కాలు ఒళ్లో కూర్చోబెట్టుకుని నేర్పింది ఆయనే.