‘డౌన్’లో రాలిపోయిన అక్షరం

ప్రశ్న వేసినవారు:
ఒక గొర్రెల కాపరి కొండ మీది కన్యను ‘ఆ ఎత్తులు విడిచి కిందికి దిగి రా’ అని పిలిచే ఇంగ్లీషు గీతం ఒకటి డిగ్రీలో చదువుకున్నాను. టెన్నిసన్ 1847లో ప్రచురించిన ‘ది ప్రిన్సెస్’ అనే దీర్ఘకావ్యంలోది. మొదటి పాదం సగమే గుర్తుంది. మిగతాది పుస్తకంలో దొరుకుతుంది కాబట్టి దాని గురించి దిగులు లేదు. మా మాస్టారు ఆ పాదంలోని ‘డౌన్’ దగ్గర ఆగి, ‘ఈ మాటలోనే కొండ ఉంది’ అన్నారు. అంతలో గంట కొట్టారు. మర్నాడు ఆయన వేరే పాఠం మొదలుపెట్టారు, నేనూ అడగలేదు. దిగడాన్ని చెప్పే మాటలో కొండ ఎలా ఉంటుంది? ఆ సంగతి తెలిసే కవి ఆ మాట వాడాడా?

ఆంగ్ల సాహిత్య విద్యార్థి:
మీ మాస్టారు చెప్పింది అక్షరాలా నిజమండీ. ప్రాచీన ఆంగ్లంలో ‘డూన్’ అంటే కొండ. ‘ఆఫ్ డూనె’ అంటే ‘కొండ నుంచి’. ఆ రెండు మాటలూ కలిసిపోయి, ముందున్న ‘ఆఫ్’ అరిగి ‘అడూనె’ అయింది, చివరికి ఆ ‘అ’ కూడా రాలిపోయి ‘డౌన్’ మిగిలింది. దక్షిణ ఇంగ్లండులోని సుద్దకొండలను నేటికీ ‘డౌన్స్’ అనే అంటారు. అంటే సస్సెక్స్‌లో ఒక మనిషి డౌన్ ఎక్కి, మళ్ళీ డౌన్‌కు రావచ్చు. మెత్తటి ఈకలను చెప్పే ‘డౌన్’ మాత్రం వేరే పదం. అది స్కాండినేవియా ప్రాంతపు పాత నార్స్ భాష నుంచి వచ్చింది కాబట్టి దాన్ని ఈ చర్చలోకి తేవలసిన పని లేదు.

వ్యాకరణాభిమాని:
పై వివరణలో అసలు విశేషం మీద మరికాస్త నిలవాలని నా మనవి. ‘కొండ నుంచి’ అనే పదబంధంలో దిగడమనే భావమంతా ‘నుంచి’లో ఉంది. రాలిపోయింది ఆ ‘నుంచి’, నిలిచింది కొండ. మనం ‘కొండ నుంచి వచ్చాడు’ అనడానికి బదులు ‘కొండ వచ్చాడు’ అని, దానికే ‘దిగి వచ్చాడు’ అనే అర్థాన్ని స్థిరపరచుకున్నట్టు. అర్థాన్ని మోసిన అక్షరం పోయి, మోయని అక్షరం ఆ బరువును తలకెత్తుకుంది.

సంస్కృతంలో దీనికి దగ్గరి పోలిక ఉంది. ‘అవ’, ‘అపి’ అనే ఉపసర్గలలోని అకారం లోపించవచ్చునని ప్రాచీన సంస్కృత వైయాకరణుడు భాగురి మతం. అందుకే అవగాహం వగాహమూ, అపిధానం పిధానమూ అవుతాయి. ‘అవ’ అంటే కిందికి అనే కదా అర్థం. అవతారమంటే దిగి రావడమే. నా ఊహ ప్రకారం ఇంగ్లీషు ‘అడౌన్’లోని ఆ ‘అ’ మన ‘అవ’కు సోదరి.

ఆంగ్ల సాహిత్య విద్యార్థి:
భాగురిని గుర్తు చేసినందుకు కృతజ్ఞతలు, కానీ ఆ సోదర సంబంధాన్ని ఒప్పుకోలేను. ఇంగ్లీషు ‘ఆఫ్’కు సజాతి పదం సంస్కృతంలో ‘అప’, ‘అవ’ కాదు. అపగమనం, అపహరణం అన్నప్పుడు వినిపించే ‘దూరంగా, విడిచి’ అన్న భావమే ఆ ‘ఆఫ్’లోనూ ఉంది. భాగురి చెప్పిన లోపం ‘అవ’, ‘అపి’లకు, ‘అప’కు కాదు. పోలిక అందంగానే ఉంది, బంధుత్వం మాత్రం లేదు.

వ్యాకరణాభిమాని:
సవరణను స్వీకరిస్తున్నాను. అయినా లోపించింది రెండు చోట్లా అకారమే.

ద్రావిడ భాషల అభిమాని:
పదం మొదటి అచ్చు కదలడం మన భాషకు కొత్త కాదు. ‘ఇరు’లోని ఇకారం తెలుగు ‘రెండు’లో కనబడదు, తమిళంలో ‘ఉరల్’ అయినది మనకు రోలు, ‘ఉళ్’ అయినది మనకు ‘లో’.

వ్యాకరణాభిమాని:
అది లోపం కాదండీ, వర్ణవ్యత్యయం. రోలులోని ఓకారం ఎక్కడి నుంచి వచ్చిందనుకుంటున్నారు? ముందున్న అచ్చు పోలేదు, చోటు మార్చుకుని తరువాతి అచ్చుతో కలిసింది. ‘డౌన్’కు సరైన జోడీ కావాలంటే అరణ్యాన్ని చూడండి. ప్రాకృతంలో అది ‘రణ్ణ’, మరాఠీలో ‘రాన్’. అక్కడ అకారం నిజంగానే పోయింది.

ద్రావిడ భాషల అభిమాని:
సరే, వ్యత్యయమే అనుకుందాం. అయితే నేల వాలును బట్టి దిక్కులకు పేరు పెట్టడంలో మన భాషా కుటుంబం ఇంగ్లీషుకు తీసిపోదు. తమిళంలో ‘కీళ్’ అంటే కింద. ‘కిళక్కు’ అంటే తూర్పు. ‘మేల్’ అంటే పైన. ‘మేర్కు’ అంటే పడమర. పడమటి కనుమల నుంచి సముద్రం దాకా దిగుతూ పోయే నేల మీద పుట్టిన పేర్లవి. కనుమలు తూర్పున ఉన్న మలయాళ దేశంలో కూడా తూర్పు ‘కిళక్కు’గానే ఉండిపోయింది. ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రాసిన కాల్డ్‌వెల్ దీనిని ఆధారంగా చూపి, ఆ మాట కనుమలకు ఇవతల, అంటే తూర్పు వైపు పుట్టిందని వాదించాడు. మన ‘క్రింద’ కూడా ఆ ‘కీళ్’ కుటుంబంలోదే; వాళ్ళ ళకారం మనకు రేఫగా మారి కకారం కిందికి చేరింది. కాబట్టి ‘కింద’ అని రాసేటప్పుడు ఆ క్రావడిని వదిలేయవద్దని నా విన్నపం.

టెన్నిసన్ పాఠకురాలు:
మన్నించాలి, క్రావడి దగ్గర కవిని మరిచిపోతున్నాము. ఆ గీతాన్ని టెన్నిసన్ 1846లో స్విట్జర్లాండ్ వెళ్ళినప్పుడు, ఎక్కువ భాగం లౌటర్‌బ్రునెన్, గ్రిండెల్‌వాల్డ్‌లలో రాశాడు. మంచుకొండల ఎదుట నిలబడి, ప్రేమ లోయలో ఉంటుందని పాడిన గీతమది. చివర వేల వాగులు పచ్చిక మీదుగా పరుగెత్తే చోటా, పావురాలూ తేనెటీగలూ చేసే సవ్వడి చోటా ఆ పాదాలు అర్థం కన్నా ముందు నాదంగా చెవిన పడతాయి. అంతటి చెవి ఉన్న కవికి ‘డౌన్’లోని కొండ వినబడలేదంటే నేను నమ్మలేను. పైగా భాషాచరిత్ర మీద ఉపన్యాసాలిచ్చిన ట్రెంచ్ ఆయనకు కేంబ్రిడ్జి రోజుల నుంచి మిత్రుడు.

ఆంగ్ల సాహిత్య విద్యార్థి:
ట్రెంచ్ ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చింది 1851లో. గీతం అంతకు నాలుగేళ్ళ ముందే అచ్చయింది. మిత్రులు మాట్లాడుకుని ఉండవచ్చుననడం వేరు, మాట్లాడుకున్నారనడం వేరు.

టెన్నిసన్ పాఠకురాలు:
తేదీల ముందు తల వంచుతాను. కానీ 1853 నుంచి ఆయన కాపురమున్న ఫారింగ్‌ఫర్డ్ ఇల్లు వైట్ దీవిలో ఒక డౌన్ పక్కనే ఉంది. ఆ కొండ మీద నడవడం ఆయనకు ఎంతో ఇష్టం. ఆయన పోయాక 1897లో దాని మీద శిలువ నిలిపారు. కొండకు ‘టెన్నిసన్ డౌన్’ అని పేరే పెట్టారు. దిగి రమ్మని పాడిన కవి పేరు చివరకు ఒక ఎత్తుకు నిలిచింది.

విశాఖవాసి:
వ్యుత్పత్తుల మీద మాట్లాడే అర్హత నాకు లేదు, విన్నది చెబుతాను. మా ఊళ్ళో రోడ్డు ఎక్కుడును ‘అప్పు’, దిగుడును ‘డౌను’ అంటారు. నిన్న సాయంత్రం సింహాచలం వైపు నుంచి ఆటోలో వస్తూ ఉంటే, పక్కన కూర్చున్న పెద్దావిడ పూలబుట్ట ఒళ్ళో పెట్టుకుని, ‘బాబూ, ఆ డౌను మొదట్లో ఆపెయ్, డౌనంతా నేను నడిచి దిగిపోతాను’ అంది. ఆవిడ ‘డౌను’ క్రియావిశేషణం కాదు. మొదలూ చివరా ఉన్న, విభక్తి తగిలించుకోగల, కాలితో నడవదగిన నేల. ఇంగ్లీషువాళ్ళు కొండను దిశగా మారిస్తే, మన జనం ఆ దిశను మళ్ళీ వాలునేల చేసుకున్నారనిపించింది.

వ్యాకరణాభిమాని:
చాలా విలువైన ఉదాహరణ. ఆవిడ ‘డౌను మొదట్లో’ అన్నదా, ‘డౌన్ మొదట్లో’ అన్నదా? చివర ఉకారం చేరితేనే ఆ మాట మనదైనట్టు లెక్క.

విశాఖవాసి:
ఉకారం స్పష్టంగానే వినబడిందండీ. అయితే ఆటో చప్పుడులో విన్నాను.

ప్రశ్న వేసినవారు:
అందరికీ కృతజ్ఞతలు. కవికి తెలుసా లేదా అన్నది తేలకపోయినా, మాస్టారు వదిలిన వాక్యం నాకు పూర్తయింది. గీతంలోని మొదటి పాదం పూర్తి పాఠం టెన్నిసన్ పాఠకురాలి గారి దగ్గర ఉంటే రేపు వీలు చూసుకుని పంపగలరా?