ఒకే మార్క్‌డౌన్ ఫైలు నుంచి వెబ్‌సైటు, ప్రింటు పుస్తకం, ఈబుక్: ఇది సరైన దారేనా?

చిత్తుప్రతి:
వ్యాసాల సంకలనం ఒకటి సిద్ధం చేస్తున్నాను. పాఠమంతా మార్క్‌డౌన్‌లోనే (శీర్షికల్లాంటివాటిని మామూలు గుర్తులతో రాసే సాదా టెక్స్టు పద్ధతి) ఉంది, ఒక్కో వ్యాసం ఒక్కో ఫైలు. వీటి నుంచే సైటు, ప్రింటుకి పీడీఎఫ్, ఈబుక్ మూడూ పాన్‌డాక్ అనే, ఫైలు రూపాలు మార్చే సాఫ్ట్‌వేర్‌తో తియ్యాలని ఆలోచన. అచ్చుతప్పు దొరికితే ఒక్కచోట దిద్దితే చాలు, మూడింటిలోనూ పోవాలి. నాకు కావలసింది అదే. పేజీలు పెట్టే మిత్రుడొకరు మాత్రం ప్రింటు పుస్తకాన్ని దీంతో కలపొద్దు, దానికి వేరే ఫైలు ఉండాల్సిందే అంటున్నారు. వ్యాసాల్లో ఫుట్‌నోట్లు, కొన్ని పట్టికలు, మధ్యమధ్య పద్యాలు ఉన్నాయి. చేసి చూసినవాళ్లు చెప్పండి.

నిలువుగీత:
మీరు అనుకున్నదే సరైన దారి. పాన్‌డాక్ 2006 నుంచి చేస్తున్న పని ఇదే. ఏది శీర్షిక, ఏది పేరా, ఏది ఫుట్‌నోట్ అని ముందు పత్రం నిర్మాణాన్ని పట్టుకుంటుంది, ఆ తర్వాత మనం అడిగిన రూపంలో రాసిస్తుంది. మీ ఫుట్‌నోట్లే చూడండి. మీరు రాసేది ఒక్కసారే. సైటులో వ్యాసం చివర లింకుగా వస్తుంది, ప్రింటులో అదే పేజీ అడుగున చిన్న అక్షరాల్లో పడుతుంది, ఈపబ్‌లో (ఈబుక్ ఫైలులో) అయితే చాలా రీడర్లు నంబరు మీద వేలు పెట్టగానే చిన్న పెట్టెలో చూపిస్తాయి. ఇవన్నీ చేత్తో చేస్తే ఎక్కడో ఒక నంబరు తప్పి తీరుతుంది.

ఒక్క జాగ్రత్త. పద్యాల్లో పాదం చివర రెండు ఖాళీలు కొట్టి లైను విరవకండి. 2004లో జాన్ గ్రూబర్ మార్క్‌డౌన్ తెచ్చినప్పటి నుంచీ ఆ పద్ధతి ఉంది గానీ ఆ ఖాళీలు కంటికి కనబడవు. పైగా లైను చివరి ఖాళీలను సేవ్ చేసేటప్పుడే ఊడ్చేసే ఎడిటర్లు చాలా ఉన్నాయి. అప్పుడు నాలుగు పాదాలూ కలిసిపోయి ఒకే పేరా అవుతుంది. దాని బదులు ప్రతి పాదం ముందు ఒక నిలువు గీత, ఒక ఖాళీ పెట్టండి.

దారినపోయే:
ఆ గీత పాన్‌డాక్‌కి తెలుసు గానీ అందరికీ తెలీదు. కామన్‌మార్క్ (మార్క్‌డౌన్‌కి ప్రామాణిక రూపం) మాత్రమే చదివే సైటు జనరేటర్‌కి, అంటే ఫైళ్ల నుంచి సైటు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌కి, అదే ఫైలు ఇస్తే గీతలన్నీ అలాగే తెరమీద కనిపిస్తాయి.

నిలువుగీత:
అందుకే సైటు కూడా పాన్‌డాక్‌తోనే తియ్యమంటున్నాను. అది కుదరకపోతే పాదం చివర బ్యాక్‌స్లాష్. కామన్‌మార్క్‌లోనూ పనిచేస్తుంది, కంటికీ కనిపిస్తుంది.

పుటసజ్జ:
పుస్తకాలకి పేజీలు పెట్టడమే నా వృత్తి కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను. వెబ్‌సైటుకి పేజీ అనేదే లేదు. ఈబుక్‌లో పాఠకుడు అక్షరం పెద్దది చేసుకోగానే అంతా మళ్లీ పరుచుకుంటుంది. అచ్చయిన పేజీ అలా సర్దుకోదు. పేరా చివరి లైను ఒక్కటే తర్వాతి పేజీ నెత్తిన పడుతుంది. ఉపశీర్షిక పేజీ అడుగున ఒంటరిగా మిగిలిపోతుంది. పట్టిక సగంలో తెగుతుంది. ఇవన్నీ ఎదురుగా పెట్టుకుని కంటితో చూసి సర్దాల్సినవి.

బొమ్మలూ అంతే. సైటులో నిండుగా కనిపించే 1200 పిక్సెళ్ల బొమ్మ 300 డీపీఐతో (అంగుళానికి 300 చుక్కలు) అచ్చుకి వెళ్తే 4 అంగుళాలకి మించదు. "47వ పేజీ చూడండి" అని రాస్తారు, సైటులో 47వ పేజీ ఎక్కడుంది? పుస్తకం చివర పదసూచిక కావాలంటే మార్క్‌డౌన్‌లో దానికి గుర్తే లేదు. ఇక తెలుగు. మనం ఏమీ చెప్పకపోతే పాన్‌డాక్ పీడీఎఫ్ కోసం పీడీఎఫ్‌లేటెక్ అనే పేజీలు కూర్చే ప్రోగ్రామ్‌ని పిలుస్తుంది, అది తెలుగు అక్షరం చూడగానే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. బటన్ నొక్కితే పుస్తకం రాదండీ.

నిలువుగీత:
ఒక్కొక్కటే చెబుతాను. తెలుగుకి దాని బదులు జీలేటెక్ ఎంచుకుని తెలుగు ఫాంటు పేరు ఇస్తే ఒత్తులు, గుణింతాలు చక్కగా కూర్చుంటాయి. లువాలేటెక్ వాడితే ఫాంటుకి హార్ఫ్‌బజ్ రెండరర్ (అక్షరాలు కూర్చే భాగం) వాడమని చెప్పాలి, లేకపోతే ఒత్తులు చెదిరిపోతాయి. పీడీఎఫ్‌ని లేటెక్ బదులు హెచ్‌టీఎమ్‌ఎల్ నుంచి తీస్తే, పేజీ నంబర్లకి ప్రింటు సీఎస్‌ఎస్‌లో (పేజీ రూపం చెప్పే నియమాల్లో) టార్గెట్-కౌంటర్ ఉంది. మీరు మామూలు లింకు రాస్తారు. వీజీప్రింట్, ప్రిన్స్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఆ చోట అసలు పేజీ నంబరు వేస్తాయి, సైటులో అది లింకుగానే ఉంటుంది. పేరాల ఒంటరి లైన్లకి కూడా విడోస్, ఆర్ఫన్స్ అని సెట్టింగులున్నాయి. లేటెక్‌తోనే తీస్తుంటే, ఎక్కడైనా ఉపశీర్షిక మొండికేసినప్పుడు ఆ చోట న్యూపేజ్ అనే, కొత్త పేజీ మొదలుపెట్టే లేటెక్ ఆదేశం పెట్టండి. సైటుకీ ఈపబ్‌కీ తీసేటప్పుడు పాన్‌డాక్ దాన్ని వదిలేస్తుంది.

పుటసజ్జ:
మూల ఫైలులోనే పేజీ విరుపు పెట్టమంటున్నారా? రేపు పైపేరాలో రచయిత రెండు వాక్యాలు కొట్టేస్తే ఆ విరుపు పేజీ మధ్యకి జరుగుతుంది. కింద సగం పేజీ ఖాళీ. పుస్తకం సైజు డెమీ నుంచి క్రౌన్‌కి మారిస్తే పెట్టిన విరుపులన్నీ తప్పుచోట ఉంటాయి. పాఠంలో పేజీ సంగతులు కలపకూడదన్నది మీ పద్ధతికి మొదటి సూత్రం కదా?

నిలువుగీత:
ఎక్కడపడితే అక్కడ పెట్టమని నేను అనలేదు. వేరే మార్గం లేనిచోట ఒకటి రెండు.

పుటసజ్జ:
పట్టికలున్న పుస్తకంలో ఒకటి రెండుతో సరిపోదు. చేసినవాణ్ని, నాకు తెలుసు.

నిలువుగీత:
అయితే విరుపులు వేరే ఫైలులో ఉంచి, ఫలానా శీర్షిక ముందు పేజీ మార్చు అని లువా ఫిల్టర్‌కి (పాన్‌డాక్ నడిపే చిన్న ప్రోగ్రామ్‌కి) చెప్పొచ్చు. మూలం శుభ్రంగా ఉంటుంది.

పుటసజ్జ:
శీర్షిక ముందు సరే. పేరా మధ్యలో? పట్టిక నాలుగో వరుస దగ్గర? దానికీ ఫిల్టరేనా?

మౌనపాఠకి:
ఏ దారిన తీసినా సరే, ఫోన్‌లో చదివేవాళ్లకి పీడీఎఫ్ ఒక్కటే ఇచ్చి ఊరుకోకండి. అటూ ఇటూ జరుపుకుంటూ చదవలేకపోతున్నాం. ఈపబ్ ఇవ్వండి.

ఎర్రసిరా:
న్యూపేజ్ ఆదేశం మీదే ఇంత చర్చా? నా గోడు వినండి. నా కథల పుస్తకం వర్డ్ ఫైలుగా ఇచ్చాను. ప్రచురణ సంస్థవాళ్లు ఇన్‌డిజైన్ అనే పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్‌లో పేజీలు పెట్టి ప్రూఫులు పంపారు. కాయితం మీద ఎర్రసిరాతో దిద్దాను. అక్షరదోషాలతో ఆగలేదు, కొన్నిచోట్ల వాక్యాలే తిరగరాశాను, ఒక కథ ముగింపు మార్చాను. ఆ దిద్దుబాట్లన్నీ వాళ్ల ఇన్‌డిజైన్ ఫైలులోకే వెళ్లాయి. నా వర్డ్ ఫైలు పాతదిగానే ఉండిపోయింది. తర్వాత ఈబుక్ వేద్దామని ఆ ఫైలు అడిగితే, పేజీలు పెట్టినతను ఇప్పుడు మాతో లేడు, ఫైలు దొరకడం లేదు అన్నారు. అచ్చయిన నా పుస్తకాన్ని పక్కన పెట్టుకుని నా కథల్ని నేనే మళ్లీ టైపు చేసుకున్నాను. ఒక ఒత్తు అటు ఇటు అయిందేమోనని ఇప్పటికీ టెన్షనే.

పేజీ అందంగా ఉండొద్దని నేను అనను. కానీ వేరే ఫైలు ఉండాల్సిందే అనేవాళ్లు ఒకటి చెప్పాలి. ఆఖరి పాఠం ఏ ఫైలులో ఉంటుంది? ఎవరి దగ్గర ఉంటుంది?

పుటసజ్జ:
ఫైలు పోగొట్టింది ఆ సంస్థ. ఆ కోపం మా మీద చూపిస్తే ఎలా? మా వైపు కథ కూడా వినండి. ఒకరు మార్క్‌డౌన్‌లో పుస్తకం ఇచ్చారు. రాత్రుళ్లు కూర్చుని పట్టికలు సర్ది, ఒంటరి లైన్లు లాగి, పేజీ పేజీకీ కుదిర్చాను. ఆయన ఒక అధ్యాయంలో మూడు వాక్యాలు మార్చి "మళ్లీ బిల్డ్ చెయ్యండి, నిమిషం పని కదా" అన్నారు. ఆ అధ్యాయం చివరిదాకా నేను సర్దినదంతా పోయింది. రెండోసారి చేసిన పనికి డబ్బులడిగితే, సాఫ్ట్‌వేరే చేస్తోంది కదా, మీరు చేసేదేముంది అన్నారు. ఒకే మూలం, ఒకే మూలం అని మీరంతా అంటుంటే నాకు ఆ మాటే వినిపిస్తోంది. మా పనిని లెక్కలోంచి తీసెయ్యడానికే ఈ వాదనంతా.

ఎర్రసిరా:
మీ పనికి డబ్బు ఎగ్గొట్టమని నేనెక్కడన్నాను? నా పాఠం నాకు కావాలన్నాను.

నిలువుగీత:
పాన్‌డాక్ ఐసీఎమ్‌ఎల్ అనే ఇన్‌డిజైన్ చదివే ఫైలు కూడా ఇస్తుంది. దాన్ని ఇన్‌డిజైన్‌లో ప్లేస్ చేస్తే శీర్షికలు, పేరాలు వాటి స్టైళ్లతోనే వస్తాయి. మార్క్‌డౌన్ దిద్దినప్పుడు లింకు అప్‌డేట్ చేస్తే కొత్త పాఠం వచ్చేస్తుంది. ఇద్దరి సమస్యా తీరుతుంది.

పుటసజ్జ:
తీరదు. లింకు అప్‌డేట్ చేస్తే ఆ పాఠంలో నేను లోపల చేసిన మార్పులన్నీ చెరిగిపోతాయి. పైగా నేను కొన్నిసార్లు మాటలే మార్చాల్సి వస్తుంది. పేరా చివర ఒక్క పదం కొత్త లైనులో పడుతుంది. దానివల్ల పట్టిక తర్వాతి పేజీకి తెగుతుంది. పైవాక్యంలో "అయినప్పటికీ" తీసి "అయినా" అంటే లైను లోపలికొస్తుంది, పట్టిక నిలబడుతుంది. అర్థంలో తేడా లేదు. రచయితని అడిగే చేస్తాను, ఎక్కువమంది సరేనంటారు. ఆ మార్పు ఈ పేజీ కోసం చేసింది, సైటుకి దానితో పనేముంది?

ఎర్రసిరా:
ఇదే నేను ఒప్పుకోను. అచ్చులో "అయినా", సైటులో "అయినప్పటికీ" ఉంటే అవి రెండు పాఠాలు. రేపు ఎవరైనా నా వాక్యాన్ని ఉటంకిస్తే ఏది నాది? పేజీ కోసం వాక్యం మార్చారంటే మీరు నా పాఠాన్ని దిద్దినట్టే. దిద్దితే అది మూలంలోకి రావాలి, లేదా మార్చకూడదు.

పుటసజ్జ:
మార్చకపోతే పట్టిక తెగుతుంది. అప్పుడు పేజీలు సరిగ్గా పెట్టలేదని ఫోన్ నాకే వస్తుంది. పాఠం మీదే, కాదనను. పేజీ నాది. పేజీ కుదరనప్పుడు చివరి మాట ఎవరిదో ముందే తేల్చండి.

దారినపోయే:
అసలు గొడవ ఇదన్నమాట. ఈ సంగతి ఏ సాఫ్ట్‌వేరూ తేల్చదు, ఒప్పందం కాయితంలో రాసుకోవాల్సిందే.

చిత్తుప్రతి:
అందరికీ ధన్యవాదాలు. నేను చేయబోయేది ఇది. ప్రూఫులు మొత్తం దిద్దడం అయ్యేదాకా మార్క్‌డౌన్ ఒక్కటే మూలం. ఫైళ్లన్నీ గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే సాఫ్ట్‌వేర్‌లో) ఉంటాయి, పేజీలు పెట్టడానికి ఇచ్చిన రోజున ఆనాటి రూపానికి గుర్తుగా ఒక ట్యాగు వేస్తాను. ఆ తర్వాత నేనుగా వాక్యాలు తిరగరాయను. తప్పు ఎవరికి దొరికినా ముందు మార్క్‌డౌన్‌లో దిద్ది, అదే దిద్దుబాటు పేజీల్లో చేత్తో చేయిస్తాను. సైటు, ఈపబ్ మాత్రం పూర్తిగా పాన్‌డాక్‌తోనే. పేజీ కోసం మార్చిన ప్రతి మాటా జాబితాగా నాకు రావాలని ఒప్పందంలో రాస్తాను. పుటసజ్జ గారూ, పేజీలు పెట్టేవారిగా ఇది మీకు సమ్మతమేనా?

పుటసజ్జ:
నేనైతే జాబితా ఇస్తాను. దానికి పట్టే సమయం బిల్లులో విడిగా వేస్తాను. జాబితాలో ఉన్నవి మీరు సైటులో మారుస్తారో లేదో మీ ఇష్టం. కానీ అచ్చుకి వెళ్లే ముందురోజు వచ్చి "అయినప్పటికీ" మళ్లీ పెట్టమంటే పెట్టను.

ఎర్రసిరా:
పెట్టమనే హక్కు రచయితకి ఉండాలి. పట్టిక తెగినా సరే. చిత్తుప్రతి గారూ, ఆ వాక్యం కూడా ఒప్పందంలో రాయించుకోండి. పని పూర్తయ్యాక ఇన్‌డిజైన్ ఫైలు, పీడీఎఫ్ రెండూ మీకు ఇవ్వాలని కూడా.

చిత్తుప్రతి:
ఫైళ్ల సంగతి రాస్తాను. ఆ హక్కు సంగతి పేజీలు పెట్టే మా మిత్రుడితో కూర్చుని మాట్లాడాకే.

నిలువుగీత:
ఆయనకి ఇచ్చే ముందు పద్యాలున్న ఫైలు ఒకటి ఇక్కడ పెట్టండి. పాదాల చివర ఖాళీలు మిగిలున్నాయేమో వెతికి చెబుతాను.