డేటా డైరెక్టరీని వేరే డిస్క్‌కి మారిస్తే సిమ్‌లింకా, కాన్ఫిగ్‌లో పాత్ మార్చడమా?

రాత్రి_షిఫ్ట్:
ఉబుంటు లైనక్స్ మీద మైఎస్‌క్యూఎల్ 8.0 డేటాబేస్. డిస్క్ నిండిపోయింది. సర్వీస్ ఆపి, /వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్ మొత్తాన్ని కొత్త డిస్క్‌లోని /డేటా/మైఎస్‌క్యూఎల్‌కి కాపీ చేసి, పాత చోట సిమ్‌లింక్ (కొత్త చోటికి దారి చూపే లింక్) పెట్టాను. స్టార్ట్ కావట్లేదు. లాగ్‌లో ‘బిన్‌లాగ్ ఇండెక్స్ ఫైల్ నాట్ ఫౌండ్’ అని, పక్కన ఎర్రర్ నంబర్ 13. ఫైల్ అక్కడే ఉంది, ఓనర్ కూడా సరిగ్గానే ఉన్నాడు. మా టీమ్‌లో ఒకాయన సిమ్‌లింక్ పెట్టడమే తప్పు, కాన్ఫిగ్‌లో డేటాడిర్ (డేటా ఉండే పాత్) మార్చాల్సింది అంటున్నారు. నిజమేనా?

పాత_డీబీఏ:
ఆయన చెప్పిందే కరెక్ట్. ఫైళ్లు ఉండేది ఒకచోట, కాన్ఫిగ్ చెప్పేది ఇంకోచోట అయితే తర్వాత వచ్చేవాడు తప్పుదారి పడతాడు. నేనే పడ్డాను. సర్వీస్ ఆపి టార్‌తో (ఫైళ్లన్నిటినీ ఒకే ఫైల్‌గా సర్దే కమాండ్) బ్యాకప్ తీసే స్క్రిప్ట్ ఒకటి రాశా. టార్ లింక్‌ని లింక్‌గానే సర్దేసింది, లోపలి డేటాని ముట్టుకోలేదు. సక్సెస్ అని రోజూ మెయిల్ వచ్చేది! రీస్టోర్ చేయాల్సిన రోజు చూస్తే ఫైల్ కొన్ని బైట్లే.

కెర్నల్_కబుర్లు:
బ్యాకప్ సంగతి ఒప్పుకుంటా గానీ, ఈ ఎర్రర్‌కి దానితో సంబంధం లేదండీ. డేటాడిర్ మార్చినా ఇదే 13 వస్తుంది. ‘నాట్ ఫౌండ్’ అన్న మాట నమ్మకండి, నంబర్ చూడండి. ఫైల్ నిజంగా లేకపోతే 2 వస్తుంది. 13 అంటే ఎవరో అడ్డుకున్నారని. ఉబుంటులో ఆ పని ఎక్కువగా యాప్‌ఆర్మర్‌ది, అంటే ఏ ప్రోగ్రామ్ ఏ ఫైళ్లు ముట్టుకోవచ్చో చూసే కాపలాది. అది లింక్ పేరు చూడదు, లింక్ చివరికి తేలే అసలు పాత్ చూస్తుంది. మైఎస్‌క్యూఎల్ ప్రొఫైల్‌లో (దానికిచ్చిన అనుమతుల జాబితా) /డేటా లేదు కాబట్టి ఆపేస్తుంది. డీమెస్గ్‌లో (కెర్నల్ లాగ్) ‘డినైడ్’ లైన్ ఉందేమో చూడండి. ఉంటే యాప్‌ఆర్మర్ ట్యూనబుల్స్ ఫోల్డర్‌లోని అలియాస్ ఫైల్‌లో పాత పాత్ నుంచి కొత్త పాత్‌కి ఒక లైన్ రాసి రీలోడ్ చేయండి. లైన్ చివర కామా మరిచిపోవద్దు, దానివల్ల నాకు ఒకసారి అరగంట పోయింది.

రాత్రి_షిఫ్ట్:
ఈలోగా టెన్షన్‌లో మొత్తానికీ 777 (అందరికీ అన్ని పర్మిషన్లూ) ఇచ్చేశాను. ఏమీ మారలేదు.

కెర్నల్_కబుర్లు:
మారదు. పర్మిషన్ బిట్లు దాటాక యాప్‌ఆర్మర్ విడిగా చూస్తుంది. ముందు ఆ 777 తీసేయండి.

మౌంట్_మాస్టర్:
అసలు గొడవే అనవసరం. కొత్త డిస్క్‌ని నేరుగా పాత ఫోల్డర్ మీదే మౌంట్ చేస్తే (తగిలిస్తే) పాత్ మారదు, లింకూ అక్కర్లేదు, యాప్‌ఆర్మర్‌కి తేడా కూడా తెలియదు.

పాత_డీబీఏ:
రీబూట్‌లో ఆ మౌంట్ ఫెయిలైతే? కింద ఖాళీ ఫోల్డర్ మిగులుతుంది. రెడ్‌హ్యాట్ లైనక్స్ ప్యాకేజీలో అయితే ఖాళీ డేటాడిర్ కనిపించగానే కొత్త డేటాబేస్ తయారుచేసుకుని హాయిగా లేస్తుంది. అప్పుడు ఎర్రర్ కూడా రాదు. పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ డాక్యుమెంటేషన్ కూడా మౌంట్ పాయింట్‌నే డేటా డైరెక్టరీ చేయకుండా లోపల ఇంకో ఫోల్డర్ పెట్టుకోమంటుంది.

మౌంట్_మాస్టర్:
సిస్టమ్‌డీలో (సర్వీసుల్ని లేపే ప్రోగ్రామ్) ‘రిక్వైర్స్ మౌంట్స్ ఫర్’ అని ఒక్క లైన్ రాస్తే మౌంట్ లేకుండా సర్వీస్ లేవదు కదా సార్.

పాత_డీబీఏ:
రాసేవాళ్లు ఎందరు బాబూ?

రాత్రి_షిఫ్ట్:
డీమెస్గ్ నిండా డినైడ్ లైన్లే. అలియాస్ రాశాక స్టార్ట్ అయింది, 777 తీసేశాను. రేపు రాత్రి మైఎస్‌క్యూఎల్ కాన్ఫిగ్ ఫైల్ మై డాట్ సీఎన్‌ఎఫ్‌లో పాత్ కూడా మార్చేస్తా. పాత_డీబీఏ గారూ, మీరు చెప్పాక మా బ్యాకప్ స్క్రిప్ట్ తెరిచి చూశాను. అందులోనూ టారే, పాత పాతే.