నల్ల కారు మీద సాలెగూడు గీతలు: పాలిష్ పట్టించాలా, వదిలేయాలా?

సిక్కోలు_నల్లబండి (శ్రీకాకుళం)

ఇంట్లో తేలని గొడవ ఇక్కడ పెడుతున్నాను. కారు 2018 మోడల్, నలుపు. సెకండ్ హ్యాండ్‌లో కొని మూడేళ్ళయింది. పగలు నీడలో చూస్తే అద్దమే. మొన్న రాత్రి ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర టిఫిన్ చేసి బయటికొచ్చేసరికి బానెట్ సరిగ్గా వీధి దీపం కింద ఉంది. దీపం వెలుగు చుట్టూ గుండ్రంగా సన్నటి గీతలు, సాలెపురుగు తీరిగ్గా కూర్చుని అల్లినట్టు. రెండడుగులు పక్కకి జరిగితే ఆ గూడు కూడా నాతో పాటే జరిగింది. అంటే బానెట్ అంతా అదే.

కారణం ఎవరో నాకు తెలుసు, గట్టిగా చెప్పే ధైర్యం లేదు. నాన్నగారు రిటైరయ్యాక రోజూ పొద్దున్న ఆరింటికి పాత పంచె ముక్కతో కారు తుడుస్తారు. నీళ్ళు ముట్టుకోరు, పొడి గుడ్డే. గుడ్డ నల్లబడితే గోడకేసి రెండు దులుపులు దులిపి, తిరగేసి మళ్ళీ మొదలు. "బండి మీద దుమ్ము లేకుండా చూస్తన్నాను, గీతలు నావల్ల ఎలగొస్తాయిరా" అంటారు.

షాపులో రబ్బింగ్, పాలిష్ కలిపి 5,500 అన్నారు. మా బావ మాత్రం ఒకసారి రబ్బింగ్ మొదలెడితే రంగు అరిగిపోతుంది, వదిలెయ్ అంటున్నాడు. ఈ సాలెగూడు గీతలు (స్విర్ల్ మార్క్స్ అంటారట) తీయించినవాళ్ళు, తీయించకుండా ఉన్నవాళ్ళు ఇద్దరూ చెప్పండి.

రెండు_బకెట్లు (విజయనగరం)

తీయించండి. నల్ల కారు కొనుక్కుని గీతలతో తిరగడం అంటే పెళ్ళికి పట్టుపంచె కట్టి జరీ అంచు లోపలికి మడుచుకున్నట్టు.

ముందు ఒక సంగతి. ఆ గీతలు నిజానికి గుండ్రంగా లేవు. పీచుతో తోమిన స్టీలు కంచం ఎండలో పట్టుకుని చూడండి, అచ్చం అదే గూడు కనిపిస్తుంది. గీతలు అన్ని దిక్కులా ఉంటాయి. వాటిలో వెలుగుకి అడ్డంగా పడినవి మాత్రమే మన కంటికి తళుక్కుమంటాయి. అందుకే దీపం ఎక్కడుంటే గూడు అక్కడ.

బావగారి భయం సగం నిజం. కారు రంగు మీద రంగులేని పొర ఒకటి ఉంటుంది, క్లియర్ కోట్. మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. తల వెంట్రుకే 70 దాకా ఉంటుంది. మీ గీతలన్నీ ఆ పై పొరలోనే ఉన్నాయి, అసలు రంగు దాని అడుగున క్షేమంగా ఉంది. పాలిష్ అంటే గీతని పూడ్చడం కాదు. గీత అడుగు దాకా చుట్టూ ఉన్న పొరను అరగదీసి సమం చేయడం. డీఏ మిషన్‌కి (డ్యూయల్ యాక్షన్, తిరుగుతూనే అటూ ఇటూ ఊగే రకం) మెత్తటి ఫోమ్ ప్యాడ్ తగిలించి మామూలు పాలిష్‌తో చేస్తే పోయేది ఒకటి రెండు మైక్రాన్లు.

గీత మీద అడ్డంగా గోరు పెట్టి లాగండి. గోరు ఆగితే అది లోతు గీత, దాని జోలికి పోకండి. ఆగకపోతే పోతుంది.

గంటస్తంభం_గురు (విజయనగరం)

అరగదీయడమే అని మీ నోటితో మీరే చెప్పారు. ఎండ దెబ్బ తట్టుకునే మందు కలిపేది ఆ పై పొరలోనే. డబ్బిచ్చి మరీ దాన్ని తీయించుకోవడం నాకు మింగుడు పడదు.

నా పాత కారు సంగతి వినండి. అమ్మినాయన ఏటా దీపావళికి రబ్బింగ్ కొట్టించేవాడట, గొప్పగా చెప్పుకున్నాడు. నా చేతికొచ్చిన రెండో వేసవికి రూఫ్ మీద పొర లేచింది. వానకి నానిన సున్నం గోడలా పెచ్చులు పెచ్చులుగా. రూఫ్, బానెట్ మళ్ళీ పెయింట్ వేయించాను. ఆ బిల్లు ఇక్కడ రాస్తే మా ఆవిడ చూస్తుంది.

తమ్ముడూ, మూడేళ్ళు నీ కంటికి కనబడలేదు. ఒక్క రాత్రి ఒక్క దీపం కింద కనబడింది. రేపట్నుంచి ఆ దీపం కింద పెట్టకు. 5,500 మిగిలాయి.

షెడ్డు_మావయ్య (రాజాం)

ఇరవై ఏళ్ళుగా డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు నడుపుతున్నాను. నా కడుపు నేనే కొట్టుకుంటున్నాను, వినండి.

ఆ రేటుకి చాలాచోట్ల జరిగేది ఇది. ఒకేచోట గిర్రున తిరిగే రోటరీ మిషన్, ఉన్ని ప్యాడ్, గట్టి కాంపౌండ్ (అరగదీసే పేస్టు). రెండు మూడు గంటల్లో బండి మొత్తం. చివర్లో గ్లేజ్ రాస్తారు. అందులో నూనె, ఫిల్లర్లు ఉంటాయి, మిగిలిన గీతల్లోకి దూరి కూర్చుంటాయి. తాళం చేతిలో పెట్టేటప్పుడు అద్దం. నాలుగుసార్లు సర్ఫ్ నీళ్ళతో కడగండి, గూడు మళ్ళీ తలుపు తీసుకుని బయటికొస్తుంది. పైగా రోటరీ సరిగ్గా తిప్పకపోతే ఎండలో నల్ల బానెట్ మీద అలలు అలలుగా మెరుపు కనిపిస్తుంది, హోలోగ్రామ్ అంటాం. గీతలిచ్చి అలలు తెచ్చుకున్నట్టు.

పద్ధతిగా చేయాలంటే బండి కడగాలి, క్లే బార్ (అంటుకున్న మురికిని లాగే మట్టిముద్ద లాంటిది) రుద్దాలి, అంచులకీ బీడింగులకీ మాస్కింగ్ టేప్ వేయాలి, నీడలో చల్లబడ్డాక ఒక్కో ప్యానెల్ రెండడుగుల చొప్పున చేసుకుంటూ పోవాలి. రెండు రోజుల పని. రెండు రోజుల కూలి అడిగితే "ఏటీ, పాలిష్‌కా?" అంటారు.

అలాగని ఆన్‌లైన్‌లో మిషన్ తెప్పించుకుని ఇంట్లో మొదలెట్టకండి. పోయినేడు ఇద్దరు కుర్రాళ్ళు బానెట్ అంచు కాల్చుకుని నా దగ్గరికొచ్చారు. అంచుల మీద పెయింట్ పల్చగా ఉంటుంది, రోటరీ ఒకేచోట రెండు సెకన్లు ఎక్కువ నిలిస్తే వేడికి పోతుంది. ప్యాడ్‌కి నల్లరంగు అంటిందంటే పై పొర పోయినట్టే, ఆట కట్టు. క్లియర్ కోట్ లేని పాత బండైతే మొదటి నుంచీ రంగు అంటుతుంది, అది వేరు.

టెక్కలి_దుమ్ము (టెక్కలి)

తీయించాలా వద్దా అనేముందు ఎందుకొచ్చాయో చూడండి. మాది క్వారీల వైపు. నీలి గ్రానైట్ అని విదేశాలకి పోయే రాయి ఇక్కడిదే. రోజూ కారు మీద వాలేది ఆ రాతి దుమ్మే. గ్రానైట్‌లో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ ఉంటాయి. ఏది దేన్ని గీకగలదో చెప్పే మోస్ కొలతలో క్వార్ట్జ్ 7, ఫెల్డ్‌స్పార్ 6. కిటికీ అద్దమే అయిదున్నర దగ్గర ఉంటుంది. వెంట్రుక మందం కూడా లేని ఆ పొర ఏపాటి? శ్రీకాకుళంలో క్వారీ లేకపోయినా నాగావళి ఇసుక లారీలు తిరుగుతూనే ఉంటాయి, ఇసుకంటే ఎక్కువ క్వార్ట్జే. పొడి పంచెతో తుడవడం అంటే గరుకు కాగితంతో ప్రేమగా నిమరడం.

నేనైతే తీయించను. ఇవాళ తీస్తే నెల తిరక్కుండా మళ్ళీ వస్తాయి. తెల్ల కారు కొన్నాను. గీతలు బోలెడు ఉన్నాయి, కనబడవు. హాయి.

రెండు_బకెట్లు (విజయనగరం)

@గంటస్తంభం_గురు, ఏటా కొట్టించమని నేనెక్కడన్నాను? మీ రూఫ్‌ని చంపింది పాలిష్ కాదు, ఏడాదికోసారి పాలిష్. ఒక్కసారి జాగ్రత్తగా తీసి, మళ్ళీ రాకుండా కడుక్కుంటే ఆ పొర బండి ఉన్నంతకాలం ఉంటుంది.

నా పేరు ఇలా ఎందుకు పెట్టుకున్నానని చాలామంది అడుగుతారు. ఒక బకెట్‌లో షాంపూ నీళ్ళు, రెండోదాంట్లో ఉత్త నీళ్ళు. ముందు పైపుతో మట్టి అంతా జారిపోయేదాకా నీళ్ళు కొట్టాలి, అప్పటిదాకా బండిని ముట్టుకోకూడదు. తర్వాత చేతికి తొడుక్కునే వాష్ గ్లవ్‌ని షాంపూలో ముంచి ఒక తలుపు తుడిచి, ఉత్త నీళ్ళ బకెట్‌లో జాడించి, మళ్ళీ షాంపూలో ముంచాలి. పైనుంచి కిందికి, చక్రాలకి వేరే గుడ్డ. మైక్రోఫైబర్ గుడ్డ నేల మీద పడిందా, అది ఇక కారుది కాదు, వంటింటి గట్టుది. మా ఇంట్లో అలా చేరినవి పదకొండు.

ఇంకోటి. దసరాకి బానెట్ మీద పెట్టిన గంధం, పసుపు మర్నాడు ఎండిపోయి ఉంటే పొడిగుడ్డతో రుద్దకండి. తడిపి పది నిమిషాలు నాననిస్తే దానంతట అదే వదులుతుంది. బోరు నీళ్ళతో కడిగితే ఎండలో ఆరనివ్వకండి, ఆ తెల్ల మచ్చలు వేరే తలనొప్పి.

కళింగపట్నం_గాలి (శ్రీకాకుళం)

ఇంత గొడవెందుకు గురూ, రంగు మీద పూసే సిరామిక్ కోటింగ్ వేయించేస్తే సరి. 9హెచ్ గట్టిదనం అంట, ఇక గీత పడదు. మాకు సముద్రం ఉప్పుగాలికి కూడా పనికొస్తుందని చెప్పారు.

షెడ్డు_మావయ్య (రాజాం)

9హెచ్ అంటే పెన్సిల్ లెక్క బాబూ. గట్టి పెన్సిల్ ములికితో గీకి చూసే పరీక్ష అది. టెక్కలాయన చెప్పిన మోస్ లెక్క వేరు, ఇసుకకి పెన్సిల్ ఒక లెక్కలోది కాదు. కోటింగ్ మందం మైక్రానో రెండో. నీళ్ళు జారిపోతాయి, ఉప్పూ దుమ్మూ కడిగితే సులువుగా వదులుతాయి, అది నిజమే. కానీ పంచెని ఆపదు. గీతలు తీయకుండా పైన కోటింగ్ వేస్తే గీతలకి అద్దం బిగించినట్టు. రాళ్ళ దెబ్బ తట్టుకునేది పీపీఎఫ్, అంటే రంగు మీద అంటించే పారదర్శక ఫిల్మ్, అది 150 మైక్రాన్ల పైమాటే. దాని రేటు వింటే పంచె తడిసిపోతుంది.

సిక్కోలు_నల్లబండి (శ్రీకాకుళం)

అందరికీ థ్యాంక్స్. విశాఖలో పాత కార్ల వ్యాపారం చేసే ఫ్రెండ్ ఆదివారం పెయింట్ మందం కొలిచే మీటర్ తెచ్చాడు. మైక్రాన్లలో బానెట్ 116, రూఫ్ 112, కుడివైపు తలుపులు 118, 121. ఎడమ వెనక తలుపు 243! బంపర్ మీద మీటర్ పలకలేదు, ప్లాస్టిక్ కదా అన్నాడు. 243 అంటే ఆ తలుపుకి మందం ఎక్కువ కాబట్టి గట్టిగా పాలిష్ చేసుకోవచ్చా?

షెడ్డు_మావయ్య (రాజాం)

కంగారు పడకు. ఆ తలుపు ఎప్పుడో దెబ్బతిని మళ్ళీ పెయింట్ వేసింది. నీకు అమ్మినవాళ్ళు చెప్పి ఉండరు. మీటర్ చెప్పేది మొత్తం మందమే. అందులో పుట్టీ ఎంత, రంగు ఎంత, పైన క్లియర్ కోట్ ఎంత అని విడదీసి చెప్పదు. 243 లో పై పొర ఇరవయ్యే ఉండొచ్చు. అసలు భయపడాల్సిన తలుపు అదే. మిగతావి కంపెనీ పెయింటే, అంకెలు మామూలుగానే ఉన్నాయి.

బండి మొత్తం ఎవరికీ ఇవ్వకు. బానెట్ మధ్యలో అడుగు చదరం టేప్ వేసి అక్కడ మెత్తటి పాలిష్‌తో చేయించి చూడు. అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్ళలో కలిపి తుడవమను. నూనె ఉంటే అది పోతుంది, నిజంగా గీత పోయిందో దాక్కుందో తేలుతుంది. తుడవనన్న షాపులో చేయించకు.

గంటస్తంభం_గురు (విజయనగరం)

చదరం దాకా అయితే నాకూ అభ్యంతరం లేదు. కానీ నాన్నగారి సంగతి తేలకుండా చదరం కూడా దండగ అని నా మాట.

సిక్కోలు_నల్లబండి (శ్రీకాకుళం)

చేయించాం. ఆల్కహాల్‌తో తుడవమంటే మొదటి షాపాయన నవ్వి "అలాంటివి ఇక్కడ చేయరండీ" అన్నాడు. వచ్చేశాం. నరసన్నపేట వైపు ఒక కుర్రాడు డీఏ మిషన్‌తో చేస్తాడని తెలిసి అక్కడికి వెళ్ళాం. మావయ్యగారు చెప్పినట్టే నీడలో పెట్టి, కడిగి, టేప్ వేసి, తెల్లటి ఫోమ్ ప్యాడ్‌తో నిదానంగా అడ్డం, నిలువు నాలుగు విడతలు తిప్పాడు. పావుగంట. తుడిచాక టేప్ పీకాడు.

నాన్నగారిని కావాలనే వెంట తీసుకెళ్ళాను. ఫోన్ టార్చ్ ఆయన చేతికే ఇచ్చాను. బానెట్ మీద వంగి వెలుగుని అటూ ఇటూ జరిపారు. గూడు ఎడమ నుంచి వచ్చి టేప్ గీత దగ్గర టక్కున తెగిపోతోంది, చదరంలో ఉత్త నలుపు, టార్చ్ చుక్క ఒక్కటే. అవతలి అంచు దాటాక గూడు మళ్ళీ మొదలు. అలా నాలుగైదుసార్లు జరిపి చూశారు. ఏమీ అనలేదు. దారిలో అరసవల్లి వచ్చేదాకా మాట్లాడలేదు. అప్పుడు మాత్రం "మిగతాది కూడా చేయించేయ్, డబ్బులు నేనిస్తాను" అన్నారు.

మర్నాడు ఆరింటికి లేచి చూస్తే బయట ఆయనే. పంచె ముక్కతో, ఆ చదరం మాత్రం మరీ జాగ్రత్తగా, నోటితో ఆవిరి పట్టించి మరీ తుడుస్తున్నారు. టార్చ్ వేసి చూశాను, కొత్తవి రెండు సన్న గీతలు.

రెండు_బకెట్లు (విజయనగరం)

అయ్యో! మిగతా బానెట్ ఆపండి. ముందు ఆయన చేతికి పైపు, మైక్రోఫైబర్ ఇవ్వండి. పొద్దున్న ఆరింటి పని మాన్పించకండి, మార్పించండి. నీళ్ళు కొట్టడం ఆయన వంతు.

గంటస్తంభం_గురు (విజయనగరం)

ఆ పంచె దాచెయ్ తమ్ముడూ. పాలిష్ సంగతి సంక్రాంతికి చూద్దాం.

సిక్కోలు_నల్లబండి (శ్రీకాకుళం)

దాచాను. ఇవాళ లుంగీతో తుడిచారు.