అంతా ముందే రాసిపెట్టి ఉంటే నరకం ఎవరికి?

కోనసీమ_రాజు: మా తమ్ముడు బైక్ యాక్సిడెంట్‌లో పోయాడు. వచ్చినోళ్ళందరూ ఒకటే మాట, వాడి నుదుట అంతే రాసుంది అని. సాయంత్రమైతే అదే అరుగు మీద కూర్చుని గరుడ పురాణంలో పాపాలకి పడే శిక్షలు వింటున్నారు. రాసినవాడు బ్రహ్మ అయితే శిక్ష మావాడికెందుకు? హెల్మెట్ పెట్టుకోలేదన్న మాట ఒక్కరి నోట్లోంచీ రాలేదు. ఆత్మ, స్వర్గం ఇవన్నీ ఉన్నాయా? నమ్మేవాళ్ళూ నమ్మనివాళ్ళూ చెప్పండి.

శ్రీవిద్య: బ్రహ్మ ఊరికే రాయడండీ, మనం చేసుకున్నదే రాస్తాడు. ప్రారబ్ధం అనుభవించాల్సిందే, ఆగామి, అంటే ఇప్పుడు చేసే పనులతో పోగయ్యే కర్మ మాత్రం మన చేతిలోదే, స్వేచ్ఛ ఉన్నది అక్కడే. స్వర్గం కూడా శాశ్వతం కాదు, పుణ్యం అయిపోగానే మళ్ళీ భూమ్మీదకే అని గీత 9వ అధ్యాయంలో స్పష్టంగా ఉంది. ఇక ఆత్మ అంటారా, అమెరికా డాక్టరే తూచి చూపించాడు, 21 గ్రాములు.

హేతువాది_బెజవాడ: ఈ 21 గ్రాములు ఎన్నాళ్ళు మోస్తారండీ! 1907లో మీరన్న ఆ డాక్టర్ మెక్‌డూగల్ చనిపోయేటప్పుడు తూచింది ఆరుగురిని, అందులో ఇద్దరి లెక్క ఆయనే పక్కన పెట్టేశాడు, 21 వచ్చింది ఒక్కరికే. తర్వాత 15 కుక్కల్ని తూస్తే బరువేం తగ్గలేదు, కాబట్టి కుక్కకి ఆత్మ లేదన్నాడు. మీ గీత 5వ అధ్యాయం 18వ శ్లోకం కుక్కనీ బ్రాహ్మణుడినీ సమంగా చూడమంటోంది. ఆయన రైటా, గీత రైటా?

శ్రీవిద్య: గీత చదివింది ఎగతాళికా? బరువు లేకపోతే లేనట్టేనా?

హేతువాది_బెజవాడ: ఎగతాళి కాదు. బరువు సంగతి ఎత్తింది మీరు.

మత్తు_డాక్టర్: రోజూ మనుషుల్ని నిద్రపుచ్చి లేపేది నేను, ఈ విషయం నాకు వదిలేయండి. పాలలా తెల్లగా ఉండే ప్రొపోఫాల్ అనే మత్తుమందు చేతి నరంలోకి ఎక్కుతుంటే అంకెలు లెక్కపెట్టమంటా, చాలామంది సగంలోనే ఆగిపోతారు. లేచాక ఆ మధ్య టైమ్ అసలు లేనట్టే చెప్తారు. శరీరంతో పని లేని ఆత్మ ఉంటే అంతసేపూ ఎక్కడుంది?

వేదాంతి: డాక్టర్ గారూ, సుషుప్తి, అంటే కలలు కూడా లేని గాఢ నిద్ర గురించి మాండూక్య ఉపనిషత్తు ఎప్పుడో మాట్లాడింది. ఏమీ తెలియలేదు, హాయిగా పడుకున్నా అని లేచాక చెప్పేది ఎవరు? ఆ సాక్షినే ఆత్మ అన్నారు. మందు ఆపేది మనసుని.

మత్తు_డాక్టర్: నా పేషెంట్లు హాయిగా అనరు, ఆపరేషన్ అయిపోయిందా అంటారు.

వరంగల్_పిల్ల: మీ లొల్లి మీది గని, మా అమ్మ దినాలప్పుడు గోదానం అని పైసలు తీసుకున్నరు, ఆవు లేదు దూడ లేదు. అప్పు ఇంకా కడ్తున్నం. ఇయ్యకుంటే అమ్మ వైతరణి దాటదన్నరు. ఏడ్సుకుంట ఉన్నోళ్ళతోని గట్ల అనొచ్చునా?

పౌరోహిత్యం: అమ్మా, అలా బెదిరించడం తప్పే. కానీ అందర్నీ ఒకే గాటన కట్టకండి, ఇచ్చినంత పుచ్చుకుని వెళ్ళేవాళ్ళమే ఎక్కువ.

గ్రేస్_గుంటూరు: మాలోనూ ఇదే గొడవండీ. రక్షించేవాళ్ళని దేవుడు ముందే ఎన్నుకున్నాడని కాల్విన్ అనే క్రైస్తవ బోధకుడిని నమ్మేవాళ్ళంటారు, కాదు ఒప్పుకోవడం మన ఇష్టమని ఇంకొకళ్ళు. మా ఆయన బాప్తిస్మం తీసుకోకుండానే పోయారు, పరలోకంలో ఉండరని మొహం మీదే చెప్పారు. ఆయన లేని పరలోకం నాకెందుకని అడిగాను. ఇప్పటికీ ప్రార్థన చేస్తా, ఆ మాట మాత్రం ఒప్పుకోను.

హేతువాది_బెజవాడ: ఎన్నుకోవడం అనేదే డౌట్. 1983లో లిబెట్ అనే మెదడు శాస్త్రవేత్త చూపించాడు, చెయ్యి కదపాలని మనకి అనిపించడానికి సెకనులో మూడో వంతు ముందే మెదడులో సిగ్నల్ మొదలవుతుంది.

న్యూరో_హైదరాబాద్: అక్కడే ఆగిపోతే ఎలా బ్రదర్? ఆఖరి క్షణంలో వద్దనుకుని ఆపుకునే వీలుందని లిబెటే అన్నాడు. 2012లో షుర్గర్ టీమ్ ఆ సిగ్నల్ నిర్ణయమే కాకపోవచ్చు, మెదడులో ఎప్పుడూ ఉండే హెచ్చుతగ్గులు కావచ్చంది. కుక్కల లెక్క దగ్గర అంత జాగ్రత్తగా ఉన్నారు, ఇక్కడా ఉండండి.

హేతువాది_బెజవాడ: షుర్గర్ చెప్పినంత మాత్రాన స్వేచ్ఛ రుజువైపోదు.

న్యూరో_హైదరాబాద్: లేదనీ రుజువవ్వదు, నేనంటున్నదీ అదే.

కోనసీమ_రాజు: డాక్టర్ గారూ, మావాడు వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు అమ్మ చెవిలో పిలుస్తూనే ఉంది. వినపడి ఉంటుందా?

మత్తు_డాక్టర్: దెబ్బ మెదడులో ఎక్కడ తగిలిందో, మత్తు ఎంత ఇచ్చారో చూడకుండా చెప్పలేను రాజు గారూ. కానీ ఐసీయూలో మేం కూడా పేషెంట్‌ని పేరు పెట్టి పిలిచే ముట్టుకుంటాం, వినిపిస్తుందనే అనుకుని మాట్లాడతాం. అమ్మగారు చేసింది సరైన పని.

శ్రీవిద్య: 5.18కి జవాబు రాస్తున్నా, కాస్త ఆగండి. గరుడ పురాణం పోయినవాళ్ళని తిట్టడానికి కాదు రాజు గారూ, బతికున్నవాళ్ళ కోసం.

వరంగల్_పిల్ల: బతికున్నోళ్ళ కోసమైతే భయపెట్టుడు ఎందుకక్కా?